అత్త చిత్తుబొమ్మలు

మా వైపు జనానికి ఒక బొమ్మ నచ్చితే "అచ్చం ఫోటో మాదిరి ఉండాదే" అంటారు. ఫోటో నచ్చితే "బొమ్మ మాదిరి ఉండాది" అంటారు. ఈ రెండు మాటలూ ఒకే పెళ్ళిలో, ఒకే మనిషి నోట వినే భాగ్యం నాకు చాలాసార్లు కలిగింది. దేన్ని చూసినా అది ఇంకోదానిలా ఉంటే తప్ప మెచ్చుకోవడం చేతకాని ఈ జనం మధ్య, నలభై దాటాక, బొమ్మలు నేర్చుకోవడానికి బయల్దేరాను నేను. నా తెలివి కూడా అంతంత మాత్రమేనని దీన్నిబట్టే తెలుస్తుంది.

తిరువళ్ళూరులో గుడి రథం నిలిపే తేరడి దగ్గర ఒక ఫ్యాన్సీ స్టోరు మేడమీద ఆదివారాలు క్లాసు జరిగేది. నేర్పేది ప్రభుత్వ బడిలో డ్రాయింగ్ మాస్టరుగా చేసి రిటైరైన ఒక తమిళ సారు. చెడ్డవాడని అనను. పెన్సిలు చెక్కడంలో అంత మంచివాణ్ణి నేనింకా చూడలేదు. ఆయన నోట్లో ఒకటే మంత్రం: "ఫినిషింగ్ దాన్ ముక్కియం మా." ఫినిషింగే ముఖ్యమట. ఆపిల్ పండు గీసినా ఫినిషింగే, పిల్లిని గీసినా ఫినిషింగే. ఆయన చేతికింద ఫినిషింగ్ జరిగిన ఆపిల్‌నీ పిల్లినీ పక్కపక్కన పెడితే, రెండూ తలకు నూనె రాసుకుని స్టూడియోకి వచ్చినట్టు ఉండేవి.

ముందుగా వేసుకునే బొమ్మను ఆయన "రఫ్" అనేవాడు. నేను మనసులో చిత్తు అనుకునేదాన్ని. మన భాషలో ఈ చిత్తు అనే మాట ఉందే, దాని తెలివే తెలివి. మొదట రాసుకునేది చిత్తుప్రతి, చెత్తబుట్టలో పడేసేది చిత్తుకాగితం. రెంటికీ ఒకటే మాట పెట్టి కూర్చుంటే, ఇక దాచుకోవాలని ఎవరికి తోస్తుంది? దానికి తోడు నా ఉద్యోగం ఒకటి. పట్టాభిరామ్‌లో సీసాలకు ప్లాస్టిక్ మూతలు చేసే చిన్న కంపెనీలో క్వాలిటీ చెకింగ్. మూత అంచున పిసరంత ప్లాస్టిక్ పొడుచుకొచ్చి కనిపిస్తే తీసి పక్కన పడెయ్యాలి. వారమంతా పొద్దస్తమానం అదే పని చేసే మనిషికి ఆదివారం ఒక్కరోజు బుద్ధి మారుతుందా? వారమంతా మూతలు ఏరేదాన్ని, ఆదివారం నా బొమ్మలు నేనే ఏరి పారేసేదాన్ని.

మా మేనత్తది తిరుత్తణి దగ్గర ఒక మగ్గాల వీధి. మా నాన్నకు అక్క. గుంట మగ్గం మీద లుంగీలు నేసీ నేసీ కుడి భుజం కిందికి వాలిపోయిన మనిషి. గడ్డం మీద ఒక నల్ల పుట్టుమచ్చ, దానికి రెండు వెంట్రుకలు. నోట్లో నాలుక లేనివాళ్ళని కొందరిని అంటుంటాం కదా, మా అత్తకు ఆ లోటు ఎప్పుడూ లేదు.

మామ పోయినప్పుడు మా బావ, అంటే అత్త కొడుకు, కన్నీర్ అంజలి ఫ్లెక్స్, అంటే కన్నీటి నివాళిది, వేయించాడు. మా ఊళ్ళలో మనిషి పోతే చుట్టాలకంటే ముందు ఫ్లెక్స్ దిగుతుంది. వీధి మొగదల అది నిలబడితేగాని పోయినవాడు పోయినట్టు లెక్క కాదు. ఫ్లెక్స్ షాపువాడు మామ రేషన్ కార్డు ఫోటో తీసుకుని, మొహానికి తెల్లరంగు పులిమి, మెడ కింద ఎవరిదో కోటు, టై తగిలించి, వెనకాల ఒక జలపాతం పెట్టి ఇచ్చాడు. బతికినన్నాళ్ళూ బనీనుతో మగ్గం మీద కూర్చున్న మనిషికి టై! అత్త ఏడుపు ఆపి దానివంక కాసేపు చూసింది. "ఈ కోటాయన ఎవుర్రా? మీ నాయన్ని యాడ పెట్టినారు?" అని బావను అడిగింది. పాపం, మతి చలించిందని చుట్టాలంతా ఆమెను పట్టుకున్నారు. ఆ పూట ఆ వీధిలో మతి ఉన్నది ఆమె ఒక్కదానికే అని నేను ఇప్పటికీ అంటాను.

తర్వాత అత్తకే గుండెజబ్బు వచ్చింది. ఆపరేషన్‌కు తట్టుకోదని డాక్టర్లు చేతులెత్తేశారు. ఆమె నన్ను పిలిపించింది.

"మే, నువ్వేందో బొమ్మలు గీస్తా ఉండావంట గదా. నాది గీయి. రేపు నేను పోతే వీధిలో నిలబెట్టేది నేనుగా ఉండల్ల. మీ మామకి జేసినట్టు నాకూ జేసినారంటే లేసొచ్చి చించేస్తా."

"ఇప్పుడే ఏంటికత్తా ఆ మాటలు?" అన్నాను, లోకంలో అందరూ అనే మాటే.

"ఇప్పుడు గాకుండా సచ్చినాక గీస్తావా? అప్పుడైతే కదలకుండా కూసుంటాననా?"

నగలు అడగలేదు, తీర్థయాత్ర అడగలేదు. పోయాక తన మొహం తనదిగా ఉండాలని అడిగింది. అంతకంటే చిన్న కోరిక ఉంటుందా అనుకున్నాను అప్పుడు.

అరుగు మీద కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి, పెన్సిలు తీశాను. కదలొద్దన్నందుకు ముందు నన్ను తిట్టింది. తర్వాత పక్కింటి పవర్‌లూమ్ మోతను తిట్టింది. పుచ్చొంకాయలు తెచ్చినందుకు బావను లోపలినుంచి పిలిచి మరీ తిట్టింది. నేను నోరు ఎక్కడ గీయాలో తెలియక తికమకపడ్డాను. ఇక్కడ ఉందని గీత పెట్టేలోపు అది ఇంకోచోటికి పోయేది. అలా ఒకదాని మీద ఒకటి నాలుగైదు గీతలు పడ్డాయి. భుజం వాలింది వాలినట్టే వచ్చింది. ముక్కుపుడక మర్చిపోయాను. కాగితం అంచున ఒక చెయ్యి, ఎవరినో వేలెత్తి చూపిస్తూ, సగంలో ఆగిపోయింది. కాసేపటికి విసుగొచ్చి ఆపేశాను. చూపించమంటే "సుమ్మా రఫ్‌గా గీసినానత్తా, ఫైనల్ అయినాక చూద్దువులే" అని చుట్టి సంచిలో పెట్టుకున్నాను. చిత్తును ఎవరైనా చూపిస్తారా?

ఆదివారం సారుకు చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, "ఎన్నమ్మా ఇదు, పాట్టిక్కి పల్లు వలియా?" అన్నాడు. అవ్వకు పంటినొప్పా అని. క్లాసంతా విరగబడి నవ్వింది. ఆపిల్‌ను బంగాళాదుంపలా గీసే ఒక బ్యాంకు ఆఫీసరు అందరికంటే గట్టిగా నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది, ఆ బొమ్మ మీద.

అక్కణ్ణుంచి మొదలైంది ఫినిషింగ్. రెండో బొమ్మలో నోరు మూయమన్నాడు, మూశాను. మూడోదానిలో స్కేలు పెట్టి మధ్యగీత గీసి, రెండు భుజాలూ సమంగా ఉండాలన్నాడు. వాలిన భుజాన్ని లేవనెత్తాను. నాలుగోదానికి ముడతలు తగ్గాయి, మచ్చ ఎగిరిపోయింది. వేలెత్తిన చెయ్యి ఎందుకు, దారితప్పి వచ్చినట్టుంది అన్నాడు, తీసేశాను. ఆ తర్వాత చెవులకు బంగారు కమ్మలు వచ్చాయి. లుంగీలు నేసిన మనిషి ఒంటిమీదికి జరీ అంచు పట్టుచీర వచ్చింది. చివరికి రంగులు కూడా వేసి తెచ్చి గోడకు ఆనించినప్పుడు క్లాసు మొత్తం ఒకే గొంతుతో "ఫోటో మాదిరి ఇరుక్కు!" అంది, ఫోటోలా ఉందని. నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను. ఏం దాచాలి, ఆ మాట విని మురవని మనిషి మా జిల్లాలో పుట్టలేదు.

ఫ్రేముకు ఇచ్చాను. మళ్ళీ ఆదివారం వెళ్ళేసరికి షాపాయన అద్దం మీద నుదుటి దగ్గర ఎర్రరంగుతో బొట్టు పెట్టి, గంధపు చెక్క పొట్టుతో చేసిన దండ వేసి సిద్ధంగా ఉంచాడు. ఎవరు వేయమన్నారని అడిగితే వింతగా చూశాడు. "పాట్టి పటం దానే మా?" అన్నాడు. అవ్వ పటమే కదా అని. ఆయన లెక్క ఆయనది. మా ఊళ్ళలో బతికుండగా గోడకెక్కే హక్కు మంత్రులకు, సినిమావాళ్ళకు మాత్రమే. మామూలు ముసలమ్మ ఫ్రేములోకి వచ్చిందంటే ఇక పైకి పోయినట్టే. దండ తీసేశాను. బొట్టు పెయింటు, గోకినా పోలేదు. ట్రైను వేళయింది. అద్దం పగలకుండా చుట్టడానికి కాగితం కావాలి. సంచిలో, పాతపేపర్ల వాడికి వేద్దామని పెట్టుకున్న చిత్తుబొమ్మలు ఉన్నాయి. వాటినే ఉండచుట్టి మూలలకు కుక్కి, తాడు కట్టాను. ఆ కాగితాలు మొదటిసారి ఒక పనికొచ్చాయని కూడా అనుకున్నాను.

ఆడికృత్తిక పండగ రోజులు. తిరుత్తణి లోకల్ నిండా మురుగన్ కొండకు పోయేవాళ్ళ కావళ్ళు. పటం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డాను. కాగితపు ఉండల మధ్య బొట్టు కనిపించి, ఒకామె నాలుక చప్పరించి, "అమ్మావా?" అంటూ, మీ అమ్మా అని, లేచి నాకు చోటిచ్చింది. నేను కూర్చున్నాను. "అత్త, ఇంకా ఉంది" అని చెప్పి సీటు పోగొట్టుకునేంత సత్యవంతురాలిని కాను.

ఇంటికి వెళ్ళి కాగితాలు లాగి పడేసి, పటాన్ని అత్త ముందు నిలబెట్టాను. బావ చూసి "అబ్బ! అచ్చం ఫోటోనే" అన్నాడు. అత్త చాలాసేపు చూసింది. చివరికి గొంతు తగ్గించి, పరాయివాళ్ళ ఇంట్లో పలకరించినట్టు, "ఎవురో పుణ్యాత్మురాలు. పాపం, ఎప్పుడు పోయిందంట?" అని అడిగింది.

"అత్తా, ఇది నువ్వే" అన్నాను.

"నేనా? నేను యాడుండా ఇందులో? నోరు మూసుకోనుండే నన్ను నువ్వెప్పుడన్నా జూసినావా? మీ మామ జూసినాడా?"

నాకు కోపం వచ్చింది. నెలల తరబడి ఆదివారాలు ధారపోసి, క్లాసు మొత్తం మెచ్చుకున్న బొమ్మకు ఈమె పెట్టే వంకలేమిటి? బంగారు కమ్మలు పెడితే వద్దనే ఆడదాన్ని లోకంలో ఈమెనే చూశాను. ఆ మాటే అనబోయాను. అత్త నా వైపు చూడటం లేదు. నేలమీద పడ్డ ఉండల్లో ఒకటి తీసి విప్పుతోంది. తొడమీద పెట్టి అరచేత్తో ముడతలు సాపు చేసింది. ఇంకోటి తీసింది. "ఇదేంది మే? ఇవి యాడివి?"

"చిత్తుబొమ్మలత్తా. పారేసేవి."

"ఏది ముందు గీసినావు?"

చెప్పాను. పూడ్చేసిన మగ్గం గుంట మీద, సిమెంటు నేలపైన, ఆమె వాటిని వరుసగా పరిచింది. మొదటిది మొదట, చివరిది చివర. ఆ పక్కన ఫ్రేము. తర్వాత మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఈ చివరనుంచి ఆ చివరికి, మెల్లగా చూసుకుంటూ పోయింది. నేనూ చూశాను. మొదటి కాగితంలో ఒక మనిషి అరుస్తోంది, వేలు చూపిస్తోంది. రెండోదానిలో నోరు మూసుకుంది. మూడోదానిలో భుజం బిగుసుకుంది. తర్వాత చెయ్యి పోయింది, మచ్చ పోయింది, ముడతలు పోయాయి. చిట్టచివర అద్దం మీది బొట్టుతో ఆ పుణ్యాత్మురాలు.

"సూడు మే" అంది అత్త, "నన్ను రవంత రవంతగా సంపుకుంటా వచ్చినావు గదే."

నేను అంత సులభంగా ఒప్పుకునే రకాన్ని కాదు. "అది రఫ్ అత్తా. గీతలు చూడు, ఒకదాని మీద ఒకటి పడి ఉండాయి. జనం నవ్వుతారు."

"నవ్వనీ. బతికినన్నాళ్ళూ నా ముందర నవ్వాలంటే జడుసుకుంటాండ్రి. పోయినాకైనా నవ్వుకోనీ." మొదటి బొమ్మ తీసి నా చేతిలో పెట్టింది. "ఇది నేను. ఇదే పెట్టల్ల."

"సరే, ఆ గీతలొక్కటీ చెరిపేసి ఫెయిర్ చేసి..."

"రబ్బరు పెట్టినావంటే చెయ్యి ఇరగ్గొడతా."

తిరుగు ట్రైనులో ఆ కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని తిరువళ్ళూరు దాకా అదే ఆలోచన. దీనిలో ఏముందని? ముక్కుపుడకైనా లేదు. చివరికి నాకు అర్థమైంది ఇంతే. మొదటి బొమ్మ గీసేటప్పుడు నేను అత్తను చూశాను. రెండోది గీసేటప్పుడు మొదటి బొమ్మను చూశాను. మూడోదాని నుంచి సారు మొహం చూశాను. చివరిదానికి క్లాసు మొత్తం మొహాలు చూసి, అందరికీ నచ్చేటట్టు గీశాను. నెలల తరబడి అంతమందిని చూసినదాన్ని, అత్తను చూసింది మాత్రం ఆ ఒక్క పూటే.

చిత్తులన్నీ మాణిక్యాలని నేననడం లేదు. నా ఆపిల్ చిత్తులు తీసి చూశాను. వాటిని పాతపేపర్ల వాడు కూడా ఊరికే తీసుకుపోడు. కానీ ఆనాటి నుంచి మొదటి కాగితాన్ని పక్కన పెట్టుకోకుండా రెండోది ముట్టలేదు. గీత తప్పిన చోట, అక్కడ ఎదుటి మనిషి కదిలిందేమో, నా కన్ను ఏదో చూసి ఉంటుందేమో అని వెతుక్కోవడం నేర్చుకున్నాను. సారుతో చెప్తే "మోడర్న్ ఆర్టా మా?" అని జాలిగా చూసి, ఒక పిల్లికి మెరుగులు దిద్దడానికి వెళ్ళిపోయాడు. బ్యాంకు ఆఫీసరు బంగాళాదుంప దినదినాభివృద్ధి చెందుతూ నిజంగానే ఫోటోలా తయారైంది. దాన్ని ఆపిల్ అని పేరు రాసి ఫ్రేము కట్టించుకున్నాడు.

ఫ్రేము కట్టిన అత్తను మాత్రం బావ హాల్లో తగిలించాడు, అద్దం బాగుందని. అత్త పొద్దున్నే దాని ముందు నిలబడి, "ఏమ్మా, కాపీ తాగినావా?" అని మర్యాదగా అడిగి పోయేదట.

చలికాలంలో అత్త నిద్రలోనే పోయింది. బావ ఫోన్ చేశాడు. ఏడుస్తూనే, హాల్లో పటాన్ని ఫోన్‌లో ఫోటో తీసి ఫ్లెక్స్ షాపుకు పంపేశానని చెప్పాడు. "అత్త ఏం చెప్పిందో మర్చిపోయినావా బావా?" అంటే, "చుట్టాలు ఏమనుకుంటారు మే? ముసల్ది ఏదో తమాషాకి అనిండాది" అన్నాడు. చుట్టాలు! మామకు కోటు తొడిగినప్పుడు కళ్ళప్పగించి చూసిన ఆ చుట్టాలే. వాళ్ళు ఏమనుకుంటారోనని ఇప్పుడు అత్త మొహాన్ని మార్చాలి. చిత్తు నా దగ్గరే ఉంది. తీసుకుని తిరుత్తణిలో ట్రైను దిగి, శవం దగ్గరికి కూడా పోకుండా, సరాసరి షాపుకు పోయాను.

కంప్యూటరు మీద పుణ్యాత్మురాలు అప్పటికే సిద్ధంగా ఉంది. వెనకాల జలపాతం దూకుతోంది. పెదవులకు రంగు వేస్తున్నాడు షాపతను. నేను కాగితం ఇచ్చాను.

"ఇది రఫ్ గదక్కా. ఫైనల్ ఇయ్యండి."

"ఇదే ఫైనల్."

స్కాన్ చేసి, అలవాటు కొద్దీ ఏదో నొక్కాడు. నోటి దగ్గర గీతలన్నీ కలిసి ఒకటైపోయి అత్త మళ్ళీ నోరు మూసుకుంది. వెనక్కి తీసుకురమ్మన్నాను. తెచ్చాడు. భుజం సరిచెయ్యబోయాడు, వద్దన్నాను. జలపాతం తీయించాను. "అక్కా, తప్పుతప్పుగా పడతాది. కింద మా షాపు పేరు ఉంటాది. జనం ఏమనుకుంటారు?" అన్నాడు దీనంగా. వీడికీ జనమే. "నీ పేరు తీసెయ్యి" అన్నాను. తీసేశాడు. అంత సంతోషంగా ఎవరూ తమ పేరు తామే తీసేసుకోగా నేను చూడలేదు.

వీధి మొగదల, వెదురు గుంజలకు కట్టి నిలబెట్టాం. తెల్లటి గుడ్డ మీద మనిషి ఎత్తున అత్త. వాలిన భుజం, మచ్చ, సగం చెయ్యి, నాలుగైదు నోళ్ళు. చుట్టాలు వచ్చారు, చూశారు, ముక్కున వేలేసుకున్నారు. ఒకాయన "ప్రింటు చెరిగిపోయిండాదే, మార్చి ఇమ్మనలేదా?" అని నాకు వినపడేలా అడిగాడు. బావ నా మొహం చూడలేదు. నేనూ పట్టించుకోలేదు. అయినా లోపల ఎక్కడో బెదురు పట్టుకుంది, వట్టి పంతానికి పోయి పెద్దదాన్ని చివరిరోజు నవ్వులపాలు చేశానా అని.

అప్పుడు ఎదురింటామె వచ్చింది. మురికికాలవ దగ్గర వచ్చిన తగువుతో ఆ రెండు ఇళ్ళకూ ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఉన్నవల్లా తిట్లే. పొద్దున వాకిలి ఊడ్చేటప్పుడు ఇటునుంచి ఒకటి, అటునుంచి ఒకటి. ఊరంతా వచ్చినా ఆమె రాదని అందరూ అనుకున్నారు. ఆమె లోపలికి పోబోతూ ఫ్లెక్స్ చూసి ఆగిపోయింది. కొంగు నడుముకు దోపింది.

"ఏమే! పోయినా గూడా నోరు మూసుకోవా? ఇంగా ఏం మిగిలిందని తిడతా ఉండావు? కాలవా? తీసుకో, కాలవ నీదే! నువ్వే గెలిచినావు, పో!"

వీధి మొత్తం వినేటట్టు అరిచింది. అరిచి, గడ్డం పైకెత్తి, నడుం మీద చెయ్యేసి నిలబడింది. ఒక తిట్టు తిట్టి, అటునుంచి వచ్చేదాకా ఆగి, రాగానే అందుకోవడం ఆమెకు అలవాటు. ఆగింది. బొమ్మ నోటివంకే చూస్తూ ఆగింది.

"చెప్పవే" అంది.

మళ్ళీ, ఈసారి మెల్లగా, "చెప్పవే" అంది. ఆ తర్వాత వెదురు గుంజ పట్టుకుని రోడ్డు మీదే కూలబడిపోయింది.